హంపక్క చెప్పిన జవాబు తప్పు కాదు

నిన్న పొద్దున చేతిలో కాఫీ గ్లాసు ఉంది. బళ్లారి దగ్గర మోకా ఊరి నుంచి ఫోన్. హంపక్క కొడుకు.

"మామా, అమ్మ పాయె."

అంతే. గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో కూడా గుర్తు లేదు.

హంపక్క మా పెద్దమ్మ కూతురు. 1960ల్లో ఇద్దరం బళ్లారి బ్రూస్‌పేటలో ఒకే ఇంట్లో ఉండి, ఒకే క్లాసులో బీఎస్సీ చదివాం.

సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపు నిండా పూలు, దండాలు. "గొప్ప టీచర్". "గొప్ప మేధావి".

చదువుతుంటే ఒళ్లు మండింది. ఆ మేధావిని ఫెయిల్ చేసిన రోజు ఒక్కరన్నా నోరు విప్పారా?

నేను విప్పానా? అది చెప్పడానికే ఈ పోస్ట్.

మా ఫైనల్ ఇయర్ అది. జెనెటిక్ కోడ్ సంగతులు ప్రపంచానికి అప్పుడప్పుడే తెలుస్తున్నాయి. మా టెక్స్ట్‌బుక్కులో మాత్రం డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్, అంతే. అక్క లైబ్రరీలో ఎవరూ ముట్టని జర్నల్స్ ముందేసుకుని కూర్చునేది.

ఒక సాయంత్రం మిద్దె మీద నాకు ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ పాఠం చెప్పింది.

వాళ్ల నాన్న, అంటే మా పెద్దనాయన, ఎద్దుల సంతలో దళారి. అక్కడ బేరం నోటితో ఆడరు. టవల్ కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ఆడతారు.

"మా నాయన ఒక చేత్తో టవల్ కింద వేళ్లు చదువుతాడు గదప్పా, ఇంకో చేత్తో ఎద్దు పలుపు పట్టుకోనుంటాడు. ఇదీ అంతే. ఒక పక్క మూడక్షరాల కోడ్ చదువుతాది. ఇంకో కొనకు ఆ కోడ్‌కు తగిన అమైనో ఆసిడ్‌ను పట్టుకోనుంటాది."

"మరి ఇది యాడ్నుంచి వస్తాదక్కా?"

"డీఎన్ఏ నుంచే. దీనికీ ఆడ జీన్ ఉండాది. దాన్ని చూసి కాపీ అయితాది, కొనలు కత్తిరించుకుంటాది, మడత పడతాది. పనికి సిద్ధం. దీన్ని చదివి ప్రోటీన్ మాత్రం చెయ్యరు. దళారి సంతకు పొయ్యేది ఎద్దును అమ్మేదానికి, తాను అమ్ముడుపొయ్యేదానికి కాదు గదా!"

ఇంత బాగా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ప్రాక్టికల్ వైవాకు ఇద్దరిద్దర్ని పిలిచారు. ఎగ్జామినర్ బయటి ఊరాయన. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ఏంటి అన్నాడు.

అక్క అంది, ప్రతి ఆర్ఎన్ఏ నుంచీ ప్రోటీన్ రాదు సార్ అని. ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ గురించి చెప్పింది. ఉత్సాహంలో పెద్దనాయన టవల్ సంగతీ చెప్పేసింది.

ఆయన పగలబడి నవ్వాడు. "ఏనమ్మా, ఇదు కాలేజో, దనద సంతెయో?" అన్నాడు కన్నడంలో. ఇది కాలేజా, పశువుల సంతా అని!

తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. ప్రతి ఆర్ఎన్ఏ నుంచీ ప్రోటీన్ వస్తుందా?"

నిజం నాకు తెలుసు.

"వస్తుంది సార్."

"గుడ్."

అక్క నా వైపు చూసింది.

అక్క ఫెయిల్. చేతికి రావాల్సిన ఎమ్మెస్సీ సీటు పోయింది. ఇంట్లో చదివింది చాల్లే అన్నారు. మోకాలో చిన్నపిల్లలకు అఆలు దిద్దిస్తూ రిటైర్ అయింది. ఆ సీటు తెచ్చుకున్నవాణ్ణి నేను. లెక్చరర్ అయ్యాను.

సిగ్గులేని పని ఇంకోటి చేశాను. టెక్స్ట్‌బుక్కులు మారాక ముప్పై ఏళ్లు అదే టవల్ ఎగ్జాంపుల్‌తో పాఠం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఒక్క క్లాసులోనూ అక్క పేరు ఎత్తలేదు. "మీ టవల్ పాఠం మర్చిపోలేం సార్" అని నా స్టూడెంట్స్ ఇప్పటికీ కామెంట్ పెడతారు. అది నాది కాదయ్యా. ఏనాడూ కాదు.

ఒకసారి అక్క ముందు ఒప్పుకున్నాను. నవ్వేసింది. "పోనీలేప్పా, పిల్లోల్లకు తెలిసింది గదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఎగ్జామినర్ మీద ఎంత కోపముందో నా మీద అంతకు రెండింతలుంది.

ఆ రోజు ఆ ల్యాబ్‌లో చెప్పాల్సిన మాట, అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

రాదు సార్. ప్రతి ఆర్ఎన్ఏ నుంచీ ప్రోటీన్ రాదు. మా అక్క చెప్పిందే కరెక్ట్.

పోయిరా హంపక్కా. ఇంక నిన్ను ఎవరూ ప్రశ్నలడగరు. నెమ్మదిగా, చల్లగా ఉండు.