మిషిని లేపిన మామ

మొన్న బుధవారం పొద్దున ఆష్టిలో మా ఇంటి ఫోన్ మోగింది. సిరోంచ నుంచి మిషిని మామ కూతురు. "అక్కా, నాయిన పోయిండు" అన్నది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక మీద భయమేస్తే ఎవరితో చెప్పుకోవాలి? నా ఇరవయ్యో ఏటి నుంచీ ఆ పని ఆయనకే అప్పగించి నిశ్చింతగా ఉన్నాను.

ఆయన నాకు మేనమామ కాదు. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర కొసన ఉన్న సిరోంచలో మా పక్కింటాయన. ఊళ్లోని చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషిను, జనరేటరు, నీళ్ల మోటారు అన్నీ ఆయన చేతిమీదే నడిచేవి కనుక ఊరందరికీ మిషిని మామ. కరెంటుతో పని చేసే మనిషి ధైర్యస్థుడై ఉంటాడని మీరనుకుంటే పొరపాటే. ఆయనంత పిరికివాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు. ఏ ఇనుప డబ్బానైనా ముందు వేళ్ల వెనక వైపుతో తాకేవాడు. అరచేతితో తాకితే షాక్ కొట్టినప్పుడు వేళ్లు ముడుచుకుని డబ్బాను పట్టేసుకుంటాయట. మూత తీసి పని చేస్తున్నంత సేపూ ఎడమ చెయ్యి వీపు వెనకే ఉండేది, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని. ఉరిమితే జనరేటరు గది వదిలి వచ్చేసేవాడు. బర్రె ఎదురొస్తే సందు మార్చేవాడు. మేము ముసిముసిగా నవ్వుకునేవాళ్లం.

"నవ్వుండ్రి. భయం పనిముట్టసొంటిది. చేతిల ఉండాలె, నెత్తికెక్కొద్దు" అనేవాడు.

ఎనభైల్లో ఆయన ఆసుపత్రి కోసం ఒక కంప్యూటర్ కట్టాడు. కట్టాడనే అనాలి. బోర్డులు హైదరాబాదులో కొన్నవి, తెర పాత టీవీది, పెట్టె మా ఊరి రేకుల పనివాడు కొట్టి ఇచ్చింది. మంచిర్యాలలో ఉండే ఆయన దోస్తు అదే సర్క్యూట్ బొమ్మ చూసి అలాంటిదే ఇంకొకటి కట్టుకున్నాడు. అప్పటికే పెద్ద ఊళ్ల ఆఫీసుల్లోకి కొత్త రకం కంప్యూటర్లు వచ్చేశాయి. ఈ రెండూ మాత్రం పాత పద్ధతి మీదే నడిచేవి. ఆ పద్ధతి పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు. సీ, పీ, తర్వాత ఒక ఏటవాలు గీత, ఎం.

పన్నెండో తరగతి పాసై రికార్డు గుమాస్తాగా చేరిన నాకు ఆ డబ్బా ముందు కూర్చోవడం ఆయనే నేర్పాడు. స్విచ్ వేసిన క్షణాన మిషినికి తానెవరో కూడా గుర్తుండదట. పలచటి నల్ల ఫ్లాపీ డిస్కు అంచున ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, అది ముందు లేచి మిగతా అందరినీ లేపాలి. దానికి ఆయన పెట్టిన పేరు 'లేపేటోడు'. డిస్కు మీద బాల్ పెన్నుతో రాయొద్దని, ఒత్తిడికి లోపలి పొర దెబ్బతింటుందని కూడా మొదటి వారంలోనే చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను.

ఆ తర్వాత ఒక వానాకాలం ప్రాణహిత పొంగి ఆసుపత్రి రికార్డు గది మోకాలి లోతు మునిగింది. అడవి ఊళ్లలో పెద్దరోగానికి, అంటే కుష్ఠుకు, మందు వాడుతున్నవాళ్ల కార్డులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఎవరిది ఏ ఊరు, ఎవరికి ఎన్నో నెల నడుస్తోంది, ఎవరికి ఏ మాత్ర పడదు అన్నది ఇక కంప్యూటర్ డిస్కులో తప్ప ఎక్కడా లేదు. ఆ డిస్కు బీరువా పై అరలో ఉండి బతికిపోయింది. మిషినిని లేపే డిస్కు మాత్రం చెమ్మకు పాడైంది. మంగళవారం జీపు మందులతో అడవిలోని పెర్మిలి వైపు పోవాలి. ఆ తర్వాత వానలకు దారి ఎన్నాళ్లు మూసుకుపోతుందో తెలియదు. మాత్రలు మధ్యలో ఆగితే రోగం తిరగబెడుతుంది, వేళ్లు పోతాయి అని మా ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది.

నది కాస్త తగ్గి పడవలు నడవగానే నన్ను మంచిర్యాల పంపారు. జనరేటరు వదిలి మామ కదలలేడు. ఆయన దోస్తు తన డిస్కుకు నకలు తీసి, లేబుల్ మీద ఆ మూడక్షరాలూ బారెడేసి రాసి చేతికిచ్చాడు. చెన్నూరు బస్సు దిగి పడవ ఎక్కాక గానీ నేను ఆ లేబుల్ సరిగ్గా చూడలేదు. చూశాక భయమేసింది. మధ్యలో గీత ఉందని ఎవరు పట్టించుకుంటారు? అది అచ్చం ఎర్రజెండా పార్టీ పేరే. ఆ రోజుల్లో మా వైపు అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు. రేవులో ప్రతి సంచీ విప్పి చూసేవాళ్లు. ఆ పార్టీ బహిరంగంగా ఓట్లు అడుక్కునే పార్టీ అనీ, అన్నలు వేరనీ నాకు తెలుసు. రేవులోని కానిస్టేబుల్‌కు తెలుసో లేదో నాకు తెలియదు.

డిస్కును మోకాలి మీద పెట్టుకుని బాల్ పెన్నుతో ఆ అక్షరాల మీద గీకేశాను. కాగితం చిరిగేదాకా గీకాను.

రేవులో కానిస్టేబుల్ దాన్ని బయటికి తీసి "హే కాయ్?" అని, ఇదేమిటని మరాఠీలో అడిగాడు. ఎక్స్‌రే అని చెప్పాను. ఆయన దాన్ని ఎండకు పట్టి చూసి, మా అమ్మకు దగ్గు తగ్గడం లేదు, మీ ఆసుపత్రి ఎప్పుడు తెరుస్తారు అని అడిగి, జాగ్రత్తగా మళ్లీ సంచిలో పెట్టాడు. లేబుల్ వైపు చూడనే లేదు.

లేబుల్ ఎందుకు కొట్టేశావని మామ అడిగితే, తప్పు రాశారట అన్నాను. ఆయన నమ్మాడు. శుక్రవారం సాయంత్రం డిస్కు పెడితే మిషిని లేవలేదు. తెర మీద ఒక చుక్క కొట్టుకుంటూ ఉండిపోయింది. ఆయన దిగులు పడలేదు. "మంచిర్యాల లేపేటోడు మన ఇల్లు ఎరుగడు బిడ్డా. వాళ్ల డ్రైవు వేరు, మన డ్రైవు వేరు" అని, తన నోటుబుక్కు చూసి మా డ్రైవుకు, అంటే డిస్కును తిప్పి చదివే భాగానికి, కావలసినట్టు రెండు మూడు అంకెలు మార్చి, సగం లేచిన మిషినితోనే డిస్కు మీద రాయించాడు. లేవలేదు. మళ్లీ మార్చాడు. లేవలేదు. రాసింది తిరిగి చదివిస్తే పిచ్చి అంకెలు వచ్చేవి.

శనివారం మధ్యాహ్నానికే నాకు విషయం అర్థమైంది. లేపేటోడు ఉండేది డిస్కు అంచున, లేబుల్ కిందే. అయినా చెప్పకుండా దాచాను. చెబితే ఉద్యోగం పోతుందేమో, పోలీసులకు అబద్ధం చెప్పానని తెలుస్తుందేమో, అన్నిటికంటే ఆయన నా వైపు ఎలా చూస్తాడో. ఆదివారం ఆయన డ్రైవు మొత్తం విప్పేశాడు. తన టంకంలోనే లోపముందని ప్రతి అతుకూ కరిగించి మళ్లీ పెట్టాడు. నది మళ్లీ ఎక్కింది, పడవలు బందయ్యాయి. మామకు అన్నం తెచ్చిన అత్తమ్మ గిన్నె మూత తీయకుండానే తిరిగి పట్టుకుపోయింది. నేను ఆయనకు స్క్రూలు అందిస్తూ కూర్చున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ రెండు రోజులూ నాది అదే బతుకు.

సోమవారం పొద్దున ఆయన మిషిని ముందు లేడు. బల్ల దగ్గర కూర్చుని తెల్ల కాగితం మీద మరాఠీలో ఏదో రాస్తున్నాడు. భుజం మీంచి చూశాను. డాక్టరమ్మకు అర్జీ. యంత్రం నా పనితనం లోపం వల్ల చెడింది, రోగులకు జరిగే నష్టానికి బాధ్యత నాది అని రాసి, సంతకం దగ్గర ఆగి ఉన్నాడు.

"మామా, నీ తప్పు లేదు" అన్నాను. "పడవల పోలీసోళ్లకు భయపడి పెన్నుతోని నేనే గీకిన. గట్టిగ గీకిన."

ఆయన డిస్కు తీసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మధ్యలోని చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ, తెరిచి ఉన్న సందులోంచి చూశాడు. నల్లటి పొర అంచున సన్నటి గీతలు మెరిశాయి.

"నేను గూడ భయపడేటోన్నే బిడ్డా. గని నీ భయం నువ్వు దాసుకుంటే, అది నాకు తప్పయి కూసున్నది."

తిడితే బాగుండేది. ఆ రోజంతా మా మధ్య అంకెల మాటలే ఎక్కువ.

ఎందుకంటే చెయ్యగలిగింది ఒకటే ఉంది. గీతలు పడింది లేపేటోడున్న చోట మాత్రమే, మిగతా డిస్కు బాగుంది. డిస్కుతో సంబంధం లేకుండా అంకెలు ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించే వీలు ఆ మిషినిలో ఉంది. లేపేటోణ్ని మేమే చేత్తో ఎక్కించాలి. వాడంతా ఆయన నోటుబుక్కులో రాసి ఉంది, నూటికి పైగా అంకెల జతలు. ఒక్కటి తప్పినా లేవదు, మధ్యలో కరెంటు పోతే ఎక్కించిందంతా పోతుంది. నేను తెలుగులో చదవాలి, ఆయన దాన్నే మరాఠీలో పలికి కొట్టాలి. ఇద్దరి మాటా కుదరకపోతే అక్కడే ఆగాలి. "తప్పు రెండు భాషలల్ల ఒక్కతీరుగ రాదు" అన్నాడు. మా ఊళ్లో రెండు భాషలుండటం వల్ల కలిగిన లాభాన్ని అంత స్పష్టంగా చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఇంకో రెండు వరుసలున్నాయనగా కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఆయన లేచి వెళ్లి జనరేటరు వేసి వచ్చి, మళ్లీ మొదటి జత దగ్గర వేలు పెట్టాడు. జనరేటరు మీద బరువు పడకుండా డాక్టరమ్మ ఎక్స్‌రే పనులన్నీ ఆపించి గుమ్మంలో నిలబడింది. నేను చదివాను. రెండు చోట్ల తప్పు చదివాను, రెండు చోట్లా ఆయన ఆగాడు. చివరి జత కొట్టాక ఆయన తెర వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు. "జర సూడు బిడ్డా. నాతోని కాదు."

డ్రైవు గర్రుమన్నది. తెర మీద సిద్ధమన్న గుర్తు వచ్చింది. రోగుల లిస్టున్న డిస్కు పెట్టాం. పేర్లు ఒకదాని కింద ఒకటి వస్తుంటే డాక్టరమ్మా నేనూ చెరో కాగితం మీద రాసుకున్నాం. అంతసేపూ ఆయన ఎవరి కాలూ తీగకు తగలకుండా ప్లగ్గు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మంగళవారం జీపు పోయింది. గురువారం దారి మూసుకుపోయింది.

నేను గీకిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. నేను పెళ్లయి ఆష్టికి వచ్చాక, పిల్లల జ్వరాలకూ, మా ఆయన ఆపరేషన్‌కూ భయమేసినప్పుడల్లా ఆయనకే చెప్పుకున్నాను. ఆయన ధైర్యం చెప్పేవాడు కాదు, అది ఆయన దగ్గరే ఉండేది కాదు. "నాగ్గూడ భయమైతాంది, ఇగ చెప్పు" అనేవాడు. అది చాలేది.

ఆ బుధవారం మధ్యాహ్నానికి సిరోంచ చేరాను. నది ఒడ్డున ఆయన్ను మట్టి చేస్తుంటే, అక్కడి వాళ్లెవరూ ఎరగని ఒక ముసలాయన వచ్చి వెనగ్గా నిలబడ్డాడు. ఎవరని మా వాళ్లు అడిగితే పేరూ ఊరూ చెప్పాడు. పెర్మిలి అవతలి ఊరు. మామ మీకెట్ల ఎరుక అని అడిగితే, ఎరుకలేదు అన్నాడు. ఆ పేరు నేను ఆనాడు తెర చూసి నా చేత్తో కాగితం మీద రాసుకున్న పేరు. ఆనాడు మిషినిని లేపింది ఎవరో డాక్టరమ్మ ఎప్పుడో ఆయనకు చెప్పి ఉంటుంది. నేను పలకరించలేదు, ఆయన రోగం సంగతి అక్కడెవరికీ తెలియాల్సిన పని లేదు. ముసలాయన ముందుకొచ్చి, వంగి, రెండు చేతులా దోసెడు మట్టి తీసుకుని గుంతలో వదిలాడు. మట్టి రాలిపోయాక కూడా చేతులు అలాగే చాచి ఉంచాడు. నేను లెక్కపెట్టాను. పది వేళ్లూ ఉన్నాయి.