ఒకటికి పన్నెండు

మా ఊరి సచివాలయానికి ఐదు మెట్లు. ఒక్కో మెట్టు ఆరంగుళాలు. అంటే వరండా నేల కంటే రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది. ఇది కంటి అంచనా కాదు, టేపు పెట్టి కొలిచిన లెక్క. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, కంటి అంచనాలంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

ఆ ఐదు మెట్లు మా ఆడపడుచు ఏనాడూ ఎక్కలేదు. మా వారి చెల్లెలు ఆమె. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ పనిచేయకుండా పోయాయి. చేతి మిషనుతో మొదలుపెట్టి ఇప్పుడు మోటారు మిషను మీద ఊళ్లో సగం మందికి జాకెట్లు కుడుతుంది. మా వారు పోయిన దగ్గర్నుంచి మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. పొద్దున కాఫీ దగ్గర మొదలైన వాదన రాత్రి మజ్జిగన్నం దాకా సాగుతుంది. అది లేకపోతే నాకు తోచదు.

పర్చూరు చుట్టుపక్కల ఊళ్లలాగే మా ఊళ్లోనూ వీధులన్నీ సిమెంటు రోడ్లే. చక్రాల కుర్చీలో కూర్చుని, తన చేతులతోనే తోసుకుంటూ, దారిలో కనిపించిన ప్రతివాళ్లనూ పలకరించుకుంటూ సచివాలయం గేటు దాకా వెళ్లేది. అక్కడితో ఆమె ఊరు అయిపోయేది.

ర్యాంపు లేక కాదు. మెట్ల పక్కనే నిగనిగలాడే స్టీలు రెయిలింగుతో ఒకటి కట్టారు. పైనుంచి ఎవరో వచ్చి దాని ఫొటో కూడా తీసుకుని వెళ్లారు. కాకపోతే దాని పొడవు ఏడడుగులు. సిబ్బంది మోటారు సైకిళ్లు స్టార్టు చేసి, దాని మీదుగా వరండాలోకి ఎక్కించి నీడలో పెట్టుకునేవారు. ఆ పనికి అది చక్కగా సరిపోయింది. మనిషి చేతులతో తోసుకుంటూ ఎక్కితే మాత్రం సగం దూరంలో కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఒకసారి లేచాయి. నేను వెనకే ఉండి పట్టుకోబట్టి సరిపోయింది.

"ఎందుకత్తా ఈ తిప్పలు? మేం నలుగురం ఉన్నాం గదా, కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతాం," అన్నాడు సర్పంచి. వరసకు మాకు అల్లుడవుతాడు. మిరపా, పత్తీ వేస్తాడు. మంచివాడే.

"దివ్యాంగులని పేరు మార్చినప్పుడే అనుకున్నాను, పల్లకీలో ఊరేగిస్తారని," అంది మా ఆడపడుచు. "నాకొద్దు నాయనా. ఎత్తేటప్పుడు మీరు ఎక్కడెక్కడ పట్టుకుంటారో నాకు తెలుసు, దించేటప్పుడు ఎట్టా పడేస్తారో కూడా తెలుసు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

నిజానికి ఎవరికీ ఆమె మీద చెడ్డ ఉద్దేశం లేదు. అదే చిక్కు. పింఛను ఇంటికే తెచ్చిస్తారు. వేలిముద్ర ఇంటి దగ్గరే వేయించుకుంటారు. కాగితాలేమైనా కావాలంటే సాయంత్రం ఇంటికి వెళ్తూ ఇచ్చిపోతారు. "అన్నీ ఇంటికే తెస్తున్నాం గదా, ఇక నీకు ఇక్కడికి రావాల్సిన పనేముంది?" అనేవారు.

"పింఛను ఇంటికొస్తది. గ్రామసభ రాదుగా," అనేది ఆమె.

రిపబ్లిక్ డే నాటి గ్రామసభకు గేటు బయట రోడ్డు మీదే ఉండిపోయింది. మా వీధి మురిక్కాలవ మీద పలకలు విరిగి ఏడాది దాటింది. వాటి మీదుగా కుర్చీ పోదు, చుట్టూ తిరిగి పెద్దవీధిలోంచి రావాలి. ఆ సంగతి తనే చెప్పాలని రెండు రోజులుగా మాటలు కూర్చుకుంది. గేటు దగ్గర్నుంచి చెయ్యెత్తింది. వరండాలో మైకు గోల. ఎవరూ ఇటు చూడలేదు. ఒకసారి గట్టిగా పిలిచింది, ఎవరో లోపల్నుంచి "తర్వాతమ్మా, తర్వాత" అన్నారు. ఆ తర్వాత లేచి జనగణమన పాడి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం వంకాయ కూర బాగాలేదని నాతో పోట్లాడింది. కూర బాగానే ఉంది.

ఫిబ్రవరిలో గుంటూరులో వికలాంగుల సంఘాలవాళ్లు ఒక శిక్షణ పెట్టారు. ఆటో మాట్లాడుకుని ఇద్దరం వెళ్లాం. అక్కడ చక్రాల కుర్చీలవాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, వాళ్లకు చేతులతో మాటలు చెప్పేవాళ్లు, హాలు నిండా ఉన్నారు. అన్నం వడ్డించిన బల్లలు కుర్చీలో కూర్చుంటే అందే ఎత్తులో పెట్టారు. మా ఆడపడుచు అది చూసి, "వదినా, ఇక్కడ నిలబడి తినేవాళ్లకే ఇబ్బంది," అని నన్ను చూసి మురిసిపోయింది.

వికలాంగుల హక్కుల మీద ప్రపంచ దేశాలు కలిసి రాసుకున్న ఒడంబడిక ఒకటుందని నేను విన్నది అక్కడే. 2006 డిసెంబరులో రాసుకున్నారు. 2007 అక్టోబరు ఒకటిన మన దేశం ఒప్పుకుంది. దాన్నిబట్టి 2016లో మన చట్టం వచ్చింది. అది అమలు కావడానికి 2017 జూన్‌లో రూల్సు వచ్చాయి. అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను అందరూ వెళ్లగలిగేలా మార్చడానికి అక్కణ్నుంచి ఐదేళ్లు గడువు. తేదీలన్నీ రాసుకున్నాను. గడువు 2022 జూన్‌తోనే తీరిపోయిందని పక్కన లెక్క వేసుకున్నాను.

మా ఆడపడుచుకు తేదీలు పట్టలేదు. ఆమెకు పట్టింది ఒక్క మాట. అక్కడిచ్చిన తెలుగు పుస్తకంలో 'సముచితమైన సర్దుబాటు' అని ఉంది. ఆ మాట దగ్గర వేలు పెట్టి, ఆటోలో చిలకలూరిపేట దాటేదాకా తియ్యలేదు.

"సర్దుబాటు అంటే మనం సర్దుకోవడం కాదంట వదినా. ఆఫీసువాళ్లు సర్దుకోవడమంట."

"అలాగే రాశారు."

"పుట్టి బుద్ధెరిగిన కాణ్నుంచి అందరూ నాకు చెప్పింది ఒకటే, సర్దుకుపోమ్మా అని. సర్దుకోవాల్సింది మెట్లని ఎవరూ చెప్పలేదే!"

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఆ మాట మళ్లీ చెప్పింది, ఈసారి అతనికి.

మర్నాడే సచివాలయానికి వెళ్లాం. ఇంజనీరింగ్ అసిస్టెంటు చిన్నవాడు, మర్యాదస్తుడు. గేటు దగ్గరికే వచ్చి మాట్లాడాడు.

"ర్యాంపు ఉందండి మేడమ్. రికార్డులో కూడా ఉందండి. కాస్త వాలు ఎక్కువైన మాట నిజమే. ఎవరో ఒకరు తోస్తారు, కొంచెం సర్దుకోండమ్మా."

మా ఆడపడుచు నా వైపు తిరిగింది. "విన్నావా? ఆ మాటే. అచ్చం ఆ మాటే." పుస్తకం తీసి ఆ పేజీ అతని చేతిలో పెట్టింది. "సర్దుకోవాల్సింది ఎవరో గట్టిగా చదువు నాయనా. మా వదిన టీచరు, ఉచ్చారణ తప్పితే కొట్టుద్ది."

అతను చదివాడు. చదివి, నవ్వు ఆపుకుని, ఎంత పొడవుంటే సరిపోతుందని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే నేను టేపు పట్టుకుని వచ్చాను.

ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఇది నియమం. రెండున్నర అడుగులకు ముప్పై అడుగులు కావాలి. ఉన్నది ఏడు. ఒకటికి పన్నెండు ఉండాల్సిన చోట ఒకటికి మూడు కూడా లేదు. గేటుకూ మెట్లకూ మధ్య ఇరవై అడుగుల జాగాయే ఉంది కాబట్టి నేరుగా కుదరదు. ప్రహరీ వెంట పదిహేనడుగులు పోనిచ్చి, కుర్చీ తిరిగేంత చదును వదిలి, మళ్లీ వెనక్కి పదిహేనడుగులు తేవాలి. అతను బొమ్మ గీశాడు. నేను కొలతలు రాశాను. పని మంజూరు చేయడం తన చేతిలో లేదని చెప్పాడు. అదీ నిజమే.

సోమవారాల్లో కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. మొదటి సోమవారం వెళ్లాం, పంపిస్తామన్నారు. రెండో సోమవారం వెళ్లాం, పంపించామన్నారు. మూడో సోమవారం శిక్షణలో కలిసిన నలుగురిని, తలా ఒక ఊరివాళ్లని, వెంటేసుకుని వెళ్లాం. ఎవరి ఊరి మెట్ల కొలత వాళ్లు తెచ్చుకున్నారు. బల్ల అవతల కూర్చున్నాయన మా బొమ్మ చూసి, "ఇది ఎవరు గీశారండి?" అన్నాడు.

"మా ఊరివాళ్లే. ఎక్కేది కూడా మేమే," అంది మా ఆడపడుచు.

మా కాగితం మీద ఆయన అక్కడే సంతకం చేశాడు. మిగతా ఊళ్లవి ఇంకా తిరుగుతున్నాయి. ఆ సంగతి దాచను.

మేస్త్రి మా ఊరివాడే, నా దగ్గర పదో తరగతి చదివాడు. బొమ్మ చూసి ముఖం చిట్లించాడు.

"ముప్పై అడుగులేంది టీచర్‌గారూ! సిమెంటు దండగ. పదిహేనుకి ముగించి ఇస్తా, సాఫీగా ఉంటది."

"ఒకటికి పన్నెండురా."

"ఆ నిష్పత్తులు నాకు అప్పుడే ఎక్కలేదండి."

"ఇప్పుడు ఎక్కాల్సింది నీకు కాదు, ఆమె."

పగలబడి నవ్వి, నూలు తాడు లాగి ముగ్గు పోశాడు. రోజూ సాయంత్రం నేను వెళ్లి కొలిచాను. చదును దగ్గర నాలుగంగుళాలు తక్కువ వస్తే విప్పించి మళ్లీ పోయించాను. ఆ తర్వాత నన్ను చూస్తే బీడీ పారేసి టేపు తీసేవాడు. మార్చి నెలాఖరుకు ర్యాంపు పూర్తయింది, గరుకు గీతలు పెట్టి నీళ్లతో తడిపారు, ఆరింది. ప్రహరీ పక్కన, రోజంతా ఎండ తగిలే చోట, శుభ్రంగా, ఏటవాలుగా, వాన పడినా నీళ్లు నిలవకుండా ఉంది.

మా ప్రాంతంలో అలాంటి జాగా కనిపిస్తే ఏం జరుగుతుందో నాకు ముందే తోచవలసింది.

ఏప్రిల్‌లో గ్రామసభ. మా ఆడపడుచు తనే కుట్టుకున్న కొత్త జాకెట్టు వేసుకుంది. మురిక్కాలవ పలకల సంగతి చెప్పబోయే మాటలు నాకు రెండుసార్లు వినిపించింది. గేటు దాటి లోపలికి వెళ్లేసరికి ర్యాంపు కనిపించలేదు. కింది నుంచి పై దాకా ఎర్రగా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి.

వరండాలో జనం నిండి ఉన్నారు. ఎవరి కాయలో అందరికీ తెలుసు. సచివాలయం పక్కింటి ముసలామెవి. ఆఖరి కోత కాయలు, ఎర్రవి ఒక వైపు, రంగు పోయిన తాలు కాయలు ఒక వైపు, పద్ధతిగా వేరు చేసి మరీ పోసింది.

"సరేలే అత్తా, ఈ ఒక్కసారికి ఎత్తేస్తాం," అని సర్పంచి మెట్లు దిగాడు. వెనక ముగ్గురు లేచారు.

మా ఆడపడుచు చక్రాల మీద చేతులు బిగించింది.

"నన్ను కాదు. కాయల్ని ఎత్తండి."

ఎవరూ కదల్లేదు.

"వాటిని తొక్కుకుంటూ పోవడం నాకు చేతగాక కాదు. ఎవరి కష్టమో అది. ఎత్తండి. నేను లోపలికొచ్చేదాకా సభ మొదలవదు. నేనూ ఈ ఊరి ఓటర్నే."

సర్పంచి కండువా ముక్కుకు కట్టుకుని ర్యాంపు మీద గొంతుక్కూర్చున్నాడు. ఇంజనీరింగ్ అసిస్టెంటు చీపురు తెచ్చాడు. దాంతో ఘాటు లేచింది. వరండాలో ఉన్నవాళ్లంతా తుమ్మడం మొదలుపెట్టారు. మైకు పట్టుకున్న కార్యదర్శి తుమ్ము ఊరంతా వినపడింది. "ఒరేయ్, చీపురెందుకురా, చేతుల్తో తియ్యండి! గింజలు రాలిపోతాయి!" అని కేకలేస్తూ ముసలామె గోతాలు పట్టుకుని పరుగున వచ్చింది. పరుగంటే, ఆమె మోకాళ్లకు ఎంత పరుగు సాధ్యమో అంత.

కాయలు గోతాల్లోకి వెళ్లాయి. మా ఆడపడుచు పదిహేనడుగులు ఎక్కింది. చదును మీద ఆగి ఊపిరి తీసుకుంది, కుర్చీ తిప్పుకుంది, మళ్లీ పదిహేనడుగులు ఎక్కింది. నేను వెనక నడిచాను కానీ చెయ్యి వేయలేదు. కుర్చీ ముందు చక్రాలు నేలను వదల్లేదు. పైకి వెళ్లి, మొదటి వరసలో, మైకు ముందు ఆగింది.

మొదట మాట్లాడింది ఆమే. మురిక్కాలవ పలకల కంటే ముందు, ర్యాంపు మీద ఎవరూ ఏమీ ఎండబోయకూడదు, బళ్లు పెట్టకూడదు, దీన్ని తీర్మానంగా రాయాలంది.

"అయితే నా కాయలు ఎక్కడ పోసుకోను?" అని ముసలామె కింది నుంచి అరిచింది.

"సచివాలయం డాబా అంతా ఖాళీయే గదా, పైకెక్కి పోసుకో. నీకు కాళ్లున్నాయిగా!"

"ఏం కాళ్లే తల్లీ! నాలుగు మెట్లెక్కితే రాత్రికి నిద్ర పట్టదు. మెట్లెక్కలేకే గదా దీని మీదకి వచ్చింది! ఇదైతే గోతం ఈడ్చుకుంటూ చక్కా ఎక్కొచ్చు."

మా ఆడపడుచు ముసలామె మోకాళ్ల వైపు చూసింది. తర్వాత కార్యదర్శి వైపు తిరిగింది.

"రాసుకోండి. ర్యాంపు మీద పోయకూడదు. వెనక వైపు పెరట్లో ముళ్లచెట్లు కొట్టించి, కింద పరుచుకోను ఒక టార్పాలిన్ పట్టా కొనిచ్చి, ఆమెకు మిరపకాయలు పోసుకునే చోటు చూపించాలి. ఆమెకీ సర్దుబాటు కావాలి."

చేతులెత్తారు. తీర్మానం రాశారు. పలకల సంగతి ఆ తర్వాత వచ్చింది. మే నెలలో కొత్తవి వేశారు. వాటి మందం నేను కొలిచాను, సరిగ్గానే ఉంది.

ఇప్పుడు ఆమె పింఛను ఇంటికి తెప్పించుకోదు. ఒకటో తారీకు పొద్దున్నే జడేసుకుని తనే వెళ్తుంది, గంటకు తక్కువ కాకుండా కబుర్లు చెప్పి వస్తుంది. ఇంట్లో జాకెట్లు ఆలస్యమవుతున్నాయని గిరాకీవాళ్లు నన్ను అడుగుతారు.

మొన్న కరెంటు బిల్లు పని మీద నేనూ వెంట వెళ్లాను. మెట్ల దగ్గర ఆగి, మోకాలు ఒకసారి నొక్కుకుని, ర్యాంపు వైపు తిరిగాను. ఆమె అప్పటికే చదును దగ్గరికి చేరి, కుర్చీ తిప్పుకుని నన్ను చూస్తోంది.

"ఏం వదినా, మెట్లు కనపడలేదా?"

"కొలత సరిగ్గా ఉందో లేదో చూస్తున్నా."

"చూడు, చూడు," అంది. పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.