పులిహోరలో కోరపన్ను

పెళ్లిచూపుల్లో పిల్లకు వంట వచ్చా, ఏం చదివింది అని అడుగుతారు. మా అక్క పెళ్లిచూపుల్లో మాత్రం "ఈ పన్ను ఎవరిది?" అని అడిగారు. అందరి ముందు, పులిహోర ప్లేటు చేతిలో ఉండగా అడిగారు. ఆ ప్రశ్న పుట్టడానికి ఈ భూమ్మీద ఒకే ఒక్క మనిషి కారణం. ఆ మహానుభావుడు ప్రస్తుతం మీకు ఈ కథ చెబుతున్నాడు.

అప్పుడు నేను కోదాడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. చదవాల్సిన పుస్తకాలు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉండేవి. నేను చదివేవన్నీ ఫోన్‌లో రక్తం తాగే వ్యాంపైర్ల నవలలు, మనుషులు తోడేళ్లయ్యే నవలలు. పాత కోటల్లో శవపేటికల్లో పడుకునే రకం కాదండీ. ఈ వ్యాంపైర్లు పట్నంలో ఫ్లాట్ కిరాయికి తీసుకుని ఉంటారు, తోడేళ్లు పగలు టాక్సీ నడుపుతాయి. పొద్దంతా పడుకోవడం, చీకటి పడ్డాక లేవడం, మొహాలు పాలిపోయి ఉండడం, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకపోవడం వాళ్ల లక్షణాలు. మా హాస్టల్లో అందరూ అంతే కాబట్టి నాకు ఆ కథలు సొంత మనుషుల కథల్లా అనిపించేవి.

చదివి ఊరుకుంటే సరిపోయేది. నాకు కోరపళ్లు కావాలనిపించింది. ఆన్‌లైన్‌లో ఉన్నాయి కూడా. బుక్ చేశాను. సూర్యాపేటలో మా ఇంటి అడ్రసు ఇచ్చాను, ఎందుకంటే హాస్టల్‌కి వస్తే వార్డెన్ విప్పి చూస్తాడు.

ఆ పార్శిల్ సరిగ్గా అక్క పెళ్లిచూపుల ముందు రోజు, నేను ఇంటికొచ్చిన రోజే వచ్చింది.

మా శిరీషక్క సంగతి చెప్పాలి. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నిటికీ "మీ ఇష్టం" అని మొహం తిప్పుకున్న మనిషి, ఈ మిర్యాలగూడ సంబంధం ఫోటో చూసి "ఎప్పుడొస్తరంట?" అని అడిగింది. అబ్బాయి పేరు నరేందర్. రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నారు కూడా. ఫోన్ పెట్టేశాక అక్క గోడను చూసి నవ్వుకునేది. మా ఇంట్లో ఆ గోడకు అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

అయితే వాళ్లింట్లో ఎవరు ఏమన్నా చివరి మాట నరేందర్ తాతది. ఆయన మిర్యాలగూడలో వడ్ల వ్యాపారి. వడ్ల లారీ వచ్చి ఆగితే ముందు ఒక గింజ ఆయన పన్ను కింద పడాలి. పటక్‌మంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి ఉన్నట్టు. ఇప్పుడు తేమ చూసే మిషన్లు వచ్చాయి, కానీ మిషన్ చూశాక కూడా మిల్లువాళ్లు తాత మూతి వైపు చూస్తారట. ఆయనకు తన పళ్లంటే అంత గర్వం.

"తాత సరే అంటేనే సరే అంట రా," అని ముందు రోజు సాయంత్రం అక్క నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "నీకు దండం పెడ్త. రేపు ఒక్క పూట మనిషి లెక్క ఉండు."

ఆమె మామూలుగానే అంది. నేను మాత్రం అక్షరాలా మనిషిలా లేకుండా పోయాను.

మర్నాడు పొద్దున స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, చుట్టాలు రావడానికి ఇంకా చాలా టైం ఉంది కదా అని పార్శిల్ విప్పాను. రెండు కోరపళ్లు, తెల్లటి పూసల ప్యాకెట్. పూసల్ని వేడినీళ్లలో వేస్తే మెత్తటి ముద్దవుతాయి. ఆ ముద్దను కోర లోపల కూరి, మన పన్నుకు తొడిగి, గట్టిపడకముందే తీసేయాలి. ఆ చివరి ముక్క కాగితం మీద చీమ కాళ్లంత అక్షరాల్లో ఉంది. నేను తొడిగాను, నొక్కాను, అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు ఎగరేసి, "ఈ నగరం నాది" అని రకరకాలుగా అన్నాను. నవలల ప్రకారం వ్యాంపైర్ అద్దంలో కనబడడు. నేను బ్రహ్మాండంగా కనబడుతున్నాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

తీయబోతే రాలేదు. లాగాను. తల కూడా వస్తోంది గానీ పన్ను రావడం లేదు.

వెనక గదిలో చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న అక్క దగ్గరికి పరుగెత్తాను. "అక్కా, లాగు!"

అక్క నా నోరు చూసి ముందు అరిచింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత నా నుదుటి మీద చెయ్యి ఆనించి లాగింది. ఊహూ.

"అమ్మకు చెఫ్ఫనా?" అన్నాను.

"చెప్తే ఇప్పుడే నిన్ను సంపుతది, సుట్టాలొచ్చినంక కూసోని ఏడుస్తది. పన్ను నొప్పని చెప్పి మూతికి కర్చీఫ్ కట్టుకో. వాళ్లు పోయేదాక ఇప్పకు. ఈ సంబంధం తప్పిందో, నీతోని జన్మల మాట్లాడ." అక్క సర్దిన కుచ్చిళ్లనే మళ్లీ మళ్లీ సర్దుకుంది. ఆ మాట కోపంతో కాదని నాకు అర్థమైంది. నాకు నిజంగానే భయం వేసింది.

కర్చీఫుతో వంటింట్లో అడుగు పెట్టానో లేదో అమ్మ పట్టేసింది.

"ఏమైందిరా?"

"ఫన్ను నొఫ్ఫి."

"అయ్యో నా కొడుకా! గీ రోజే రావాల్నా?" అంటూ రెండు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో దంచింది, దూదిని లవంగం నూనెలో ముంచింది. "నోరు తెరువ్."

"నేనే ఫెట్టుకుంట!"

గోడ వైపు తిరిగి రెండూ పెట్టుకున్నాను. వ్యాంపైర్ నోట్లో వెల్లుల్లి పెట్టించిన మొదటి తల్లి ప్రపంచంలో మా అమ్మే అయ్యుంటుంది. నవలల్లో అయితే నేను అక్కడికక్కడే బూడిదైపోవాలి. నాకు కళ్లల్లో నీళ్లు కారాయి, అంతే. కాసేపటికి లవంగం నూనె పనిచేసి నోరంతా మొద్దుబారింది. పెదాలు ఎక్కడున్నాయో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వచ్చింది.

"ఇగ ఫోయి ఫండుకుంట," అన్నాను.

"నొచ్చేది నోరే గద, చేతులు మంచిగనే ఉన్నయ్ గద. గా అన్నం ఆరబెట్టు," అంది అమ్మ.

పెద్ద తాంబాళంలో పొగలు కక్కుతున్న అన్నం. దాని మీద వంగి గరిటెతో పరుస్తూ, అట్టముక్కతో విసురుతున్నాను. చెమటలు పట్టి, వెల్లుల్లి మంట ఆగక, కర్చీఫ్ మెడ మీదికి జార్చి నోరు బార్లా తెరిచాను. అమ్మ వచ్చే చప్పుడు వినబడగానే మళ్లీ కట్టేసుకున్నాను. అమ్మ పల్లీల తాలింపు, చింతపండు పులుసు వేసి కలిపింది. వాకిట్లో కారు ఆగింది.

నరేందర్, వాళ్లమ్మ, నాన్న, తాత వచ్చారు. తాత కుర్చీలో కూర్చోగానే నన్ను చూశాడు.

"ఈ పిల్లగాడేంది, దొంగ లెక్క మూతి కట్టిండు?"

"పన్ను నొప్పండి," అన్నాడు మా నాన్న.

"గీ వయసుల పన్ను నొప్పా!" తాత తొడ చరిచాడు. "నన్ను సూడు బిడ్డా. ముసలోన్నైన. అన్ని పండ్లు నావే. ఒక్కటి గూడ కదల్లే. మీరు తాగేవి కూల్ డ్రింకులు, మీకు పండ్లేడుంటయ్?"

అప్పుడే టీ తెచ్చి కూర్చున్న అక్కకు నా మొహం చూసి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరేందర్ ఆమె కొంగునే చూస్తున్నాడు. ఆ చూపు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేనే పులిహోర పంచాను. అందరూ తింటున్నారు. "పులుపు మంచిగ కుదిరింది," అంటోంది నరేందర్ వాళ్లమ్మ. తాత పల్లీలను ఏరి ఏరి, వడ్లగింజల్లా పన్ను కింద పెట్టి కొరుకుతున్నాడు.

కటక్!

పల్లీ అలా చప్పుడు చేయదు. తాత నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తెల్లగా, పొడుగ్గా, కొన తేలి ఉంది. చూసిన వాళ్లెవరికైనా వేరుతో సహా ఊడొచ్చిన పన్నులాగే కనబడుతుంది.

"పాయె," అన్నాడు తాత నెమ్మదిగా. "నా పన్ను పాయె."

"నొప్పిగిట్ల అయితుందా మామయ్యా?" అంది నరేందర్ వాళ్లమ్మ.

"నొప్పి గూడ లేదమ్మా. గంత పుచ్చిపోయిందన్న మాట." అప్పటిదాకా తొడ చరిచిన మనిషి భుజాలు వంగిపోయాయి. నోరు గట్టిగా మూసుకున్నాడు. నాలుకతో తడిమి చూసుకోవడానికి కూడా ఆయనకు ధైర్యం లేదు. "ఇగ బజార్ల ఎవడు నమ్ముతడు నన్ను?"

నరేందర్ నాన్న లేచాడు. "ఏమనుకోకుండ్రి. శుభమా అని వస్తే గిట్లైంది. ముందు దవాఖానకు పోవాలె. ఇంకో మంచి రోజు సూసుకోని మాట్లాడుదాం."

ఆ ఇంకో మంచి రోజు ఎప్పటికీ రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ మొహం పాలిపోయింది. అక్క తల ఎత్తి నా వైపు చూసింది. తిట్టు లేదు, కోపం లేదు. కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల కాలేదు.

"తాతా! అది మీ పన్ను కాదు. నాది!"

"ఏంది?"

"నా కోరపన్ను. వ్యాంపైర్‌ది. అంటే రక్తం తాగే దయ్యానిది. ఆన్‌లైన్ల కొన్న. రెండోది ఇంకా నోట్లనే ఉంది, సూడుండ్రి!" అని కర్చీఫ్ పీకేసి సింహంలా నోరు తెరిచాను.

తాత ముందుకు వంగి చూశాడు.

"ఏడుందిరా? అన్నీ మామూలు పండ్లే గద. వెల్లుల్లి వాసనొస్తుంది, అంతే."

వేలు పెట్టి చూసుకున్నాను. లేదు! వేడినీళ్లకు మెత్తబడిన ముద్ద వేడి అన్నం ఆవిరికి మళ్లీ మెత్తబడదా? ఇంజనీరింగ్ విద్యార్థిని, నాకు తట్టలేదు. రెండూ తాంబాళంలోకే జారాయి, మొద్దుబారిన నోటికి తెలియలేదు. ఇంతసేపూ లేని కోరల్ని కర్చీఫుతో దాచుకుంటూ తిరిగాను.

"పాపం, పిల్లగాడు నన్ను సముదాయించనీకి అబద్ధమాడుతుండు," అన్నాడు తాత దిగులుగా.

"లేదు తాతా, ఒట్టు! రెండోది గూడ పులిహోరలనే పడ్డది!"

ఆ మాటతో నరేందర్ వాళ్లమ్మ నములుతున్నది ఆపేసింది. మా నాన్న ప్లేటు కింద పెట్టేశాడు. అందరూ ఎవరి పులిహోర వాళ్లు వేళ్లతో కెలుక్కుంటున్నారు. అప్పుడు నరేందర్ గొంతు సవరించుకుని, జేబులోంచి మడిచిన రుమాలు తీసి, విప్పాడు.

తెల్లగా, పొడుగ్గా, కొన తేలిన రెండో పన్ను.

"నాకు ఇందాకనే దొరికింది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"దొరికితే చెప్పవేందిరా? ఈ పన్ను ఎవరిదనుకున్నవ్?" అంది వాళ్లమ్మ.

"ఆమెదేమో అనుకున్న." అక్క వైపు చూశాడు. "పులిహోర ఆమెనే చేసిందనుకున్న. కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది గదా... అందరి ముందట ఎందుకు ఆమె పరువు తీయాలె అని జేబుల పెట్టుకున్న."

తాత కళ్లు పెద్దవయ్యాయి. "పిల్లకు ముందటి పన్ను లేదనుకోని గూడ సప్పుడు చేయకుండ కూసున్నవా?"

"పన్నుదేముంది తాతా," అన్నాడు నరేందర్. "పెట్టిచ్చుకోవచ్చు. పిల్ల నచ్చింది."

అక్క నవ్వింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. అన్ని పళ్లూ వరసగా, పక్కాగా కనబడ్డాయి.

తాత రెండు కోరల్నీ అరచేతిలో వేసుకుని తూచినట్టు ఊపాడు. ఒకదాన్ని పన్ను కింద పెట్టి నొక్కి, తీసి, మొహం చిట్లించాడు. "తాలు!" అన్నాడు. వడ్లల్లో గింజ లేని పొట్టును అనే మాట అది. తర్వాత కండువా చెంగు ముడి విప్పి ఒక వడ్లగింజ తీశాడు. తన కోరపన్ను కింద పెట్టి కొరికాడు.

పటక్!

ఆయన మొహం మీద వెలుగు వచ్చింది. "ముహూర్తం సూడుండ్రి," అన్నాడు. "పిల్ల మంచిది, మనవడు మంచోడు. ఈ దయ్యాన్ని మాత్రం పెళ్లినాడు వంటలకు దూరం పెట్టుండ్రి."

అలాగే పెట్టారు. నన్ను పార్కింగ్ దగ్గర నిలబెట్టారు. పెళ్లయి ఏళ్లు గడిచినా, బావ మా ఇంట్లో పులిహోర తినేటప్పుడు ముందు చెంచాతో ఒకసారి గాలిస్తాడు. నేను అన్నం దగ్గరికి వెళ్లాలంటే నోరు తెరిచి అక్కకు చూపించి వెళ్లాలి.

కాబట్టి పాఠకులారా, మిర్యాలగూడ తాత పన్ను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా చిగుళ్లలో మొలవని పన్నును నా నోట్లో పెట్టను. ఈ మధ్య పూర్తిగా తోడేళ్ల నవలలకు మారాను. వాటికి తోకలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయట. చూడండి, ఊరికే చూశాను. అక్కకు ఎలా తెలిసిందో గానీ, నిన్ననే ఫోన్ చేసి తోకను కూడా ప్రమాణంలో చేర్పించింది.