గడ్డిలో కాపురాలు

మృగశిర వానలు మొదలయ్యాయో లేదో, హనుమకొండలోని మా ఇంటి పెరడంతా మోకాలెత్తు గడ్డి లేచింది. అందులో కప్పలు చేరాయని మా అత్తమ్మ పెరటి గడప దాటడం మానేసింది. కేసముద్రం దగ్గర పల్లెలో, పొలాల మధ్య పెరిగిన మనిషి ఆమె. తేలు కనబడితే చెప్పు తీసుకుని ఎదురెళ్తుంది. కప్పకు మాత్రం ఆమడ దూరం. ఎందుకని అడిగితే, "అది ఎటు దుంకుతదో దానికే తెల్వదే" అనేది.

ఒక ఆదివారం మావారు కిరాణా కొట్టు మధ్యాహ్నానికే మూసి, వర్ధన్నపేటలో సేద్యం చేసుకునే తన బావ దగ్గర గడ్డి కోసే మిషన్ అడిగి తెచ్చారు. దాన్ని భుజానికి తగిలించుకుని తాడు లాగగానే పెరడు దద్దరిల్లింది. ఆయన రెండడుగులు వేశారో లేదో, బ్లేడుకు జానెడు ముందు నుంచి ఏదో పచ్చగా ఎగిరి పడింది. నేను అరిచాను. ఆ చప్పుడులో ఆయనకు వినబడితేగా! ఎదురుగా వెళ్లి తువ్వాలు ఊపాను.

మిషన్ ఆపి, "ఏంది, పామా?" అన్నారు కంగారుగా.

"కప్ప."

"కప్ప కోసం మిషన్ బంద్ చేపిచ్చినవా?"

"గడ్డి నిండ ఉన్నయండి. జర ఆగుండ్రి, వాటిని పక్కకు తోలినంక కోద్దురు."

ఆయన నిట్టూర్చి, తానూ ఒక కర్ర అందుకున్నారు. ఇద్దరం గడ్డిని మెల్లగా తడుముతూ కప్పల్ని వెనక కంచె దగ్గరున్న అరటి పొదల వైపు తోలడం మొదలుపెట్టాం. ఒక తొండ తల ఊపుకుంటూ తన దారిన తాను పోయింది. అత్తమ్మ మెట్ల మీద కుర్చీ వేయించుకుని, కాళ్లు పైకి ముడుచుకుని, "అగో, అటు పోతాంది! నీ వెనకనే ఉన్నది సూడు!" అని కేకలు పెడుతోంది.

ఒక లావు కప్ప మాత్రం కదిలితే ఒట్టు. దాన్ని చాటలోకి ఎక్కించి మెట్ల పక్కగా తీసుకెళ్తుంటే ఒక్క దూకు దూకి అత్తమ్మ ఒళ్లో కూర్చుంది. "అవ్వో!" అన్న కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. కప్ప కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.

"నన్నే సూస్తాందే," అంది గుసగుసగా.

"తియ్యాల్నా అత్తమ్మా?"

"వద్దు, మళ్ల దుంకుతది." కొంగు రెండు అంచులూ పట్టుకుని మెల్లగా లేచి, పసిపాపను మోసినట్టు నడిచి, ఆ కప్పను అరటి పొదల్లో తానే దింపి వచ్చింది. వచ్చి కూర్చున్నాక నవ్వు మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

తర్వాత మావారు ఇంటి వైపు నుంచి కంచె వైపు కోసుకుంటూ వెళ్లారు, పారిపోయేవాటికి దారి ఉండేలా. నిమ్మచెట్టు దగ్గర ఆయనే ఆగిపోయారు. కింది కొమ్మలో పిగిలిపిట్ట గూడు, అందులో నోళ్లు తెరుచుకున్న పిల్లలు. ఆ మూల గడ్డి అలాగే వదిలేశాం.

పక్కింటి పిన్ని గోడ మీంచి చూసి, "సగం గొరిగిన గుండు లెక్కున్నది మీ పెరడు," అంది.

"పిల్లలెగిరినంక మిగిలిన సగం గొరుగుతం తియ్," అంది అత్తమ్మ.

రెండు రోజులకు మిషన్ కావాలని బావ ఫోన్ చేశారు. సంగతి చెబితే, "గడ్డి కోస్తాన్రా, పురుడు పోస్తాన్రా?" అని నవ్వి, బండి వేసుకుని తానే వచ్చారు. నిమ్మచెట్టు ముందు గొంతుక్కూర్చుని, నేనిచ్చిన చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మా ఆడపడుచుకు ఫోన్లో గుసగుసగా చెప్పడం మొదలుపెట్టారు: "తల్లి పురుగు తెచ్చిందే... ఆగు, ఇప్పుడు తినిపిస్తాంది..."

వెళ్లేటప్పుడు మిషన్ తీసుకెళ్లలేదు. పిల్లలు ఎగిరిపోయాక మిగతా గడ్డి కోసి, మావారే వర్ధన్నపేట వెళ్లి ఇచ్చి వచ్చారు.