మాస్టారు ఇచ్చేసిన హార్డ్ డిస్కు

మా మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బాపట్లలో నా స్టూడియో ఎదురుగా ఉన్న హోటల్లో దోసె తింటున్నాను. కబురు విని, ఫోన్ జేబులో పెట్టుకుని, దోసె పూర్తిగా తినే లేచాను. ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ పోయినవాళ్ల గురించి మంచే రాయాలని కూర్చుంటే ఆయన గురించి సగమే రాయగలను. మూడేళ్లుగా మా మధ్య మాటల్లేవు.

మీలో తెనాలివాళ్లు చాలామంది ఆయన కెమెరా ముందు కూర్చునే ఉంటారు. అన్నప్రాసనలు, హాల్ టికెట్ ఫొటోలు, పెళ్లిచూపులకు పంపే ఫొటోలు, అన్నీ ఆయనే తీసేవారు. నెగెటివ్ మీద పెన్సిలు ముక్కతో మొటిమలు మాయం చేసిన చెయ్యి అది. నేను బాపట్ల నుంచి రోజూ పాసింజర్లో వెళ్లి ఆయన స్టూడియోలో ఆరేళ్లు పనిచేశాను. కంప్యూటర్ పని నాది, కన్ను ఆయనది. నా వెనక నిలబడి, "మచ్చ తియ్యి, వయసు తియ్యకు" అనేవారు. పెళ్లికూతుర్ని తెల్లగా చెయ్యమని ఎవరైనా అడిగితే, రేపు అత్తవారు ఆ పిల్లను గుర్తుపట్టాలా వద్దా అని వాళ్లనే ఎదురు అడిగేవారు. ఈ రోజుకీ నేను ఎవరి రంగూ మార్చను.

అప్పటికే మా కంప్యూటర్ ముసలిదైపోయింది. ఆల్బమ్ పేజీ ఒకటి తెరిస్తే చాలు, ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూ కూర్చునేది. సేవ్ కొట్టి ఇద్దరం టీకి వెళ్లి వచ్చినా పని అయ్యేది కాదు. దీనికి తోడు దసరాకి మాస్టారు కెమెరాలతో పాటు సీపీయూకి కూడా బొట్టు పెట్టి, అగరొత్తులు దాని చిల్లుల్లోనే గుచ్చేవారు. ఆ బూడిదా కుంకుమా లోపలి ఫ్యానులో చేరి అది గుర్రుపెట్టేది. రీటచింగ్ కుంచెతో నేను దాన్ని దులుపుతుంటే, దేవుడి ప్రసాదాన్ని తుడిచేస్తున్నావని నన్నే కోప్పడేవారు.

కొత్తది కొనకుండా ఉన్నదాన్నే బాగుచేసుకుందామని రెండువేల ఐదులో అనుకున్నాం. ర్యామ్ పెంచాం, పెద్ద హార్డ్ డిస్కు వేశాం. గ్రాఫిక్స్ కార్డు కూడా వేసి, అది డిజైన్ల కోసమని అందరికీ చెప్పాం గానీ అసలు సంగతి వేరు. యాభై దాటిన మా మాస్టారికి కార్ల రేసు ఆట పిచ్చి పట్టింది. మలుపు వస్తే కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయేవారు. ఫొటోకి వచ్చినవాళ్లు ఎదురుచూస్తుంటే, ఒక్క మలుపు ఆగమ్మా అని బతిమాలుకునేవారు. అప్పుడాయన్ని చూస్తే ఎవరికైనా ముద్దొచ్చేది.

పెళ్లి ఆల్బమ్‌లో జంట వెనక వేసే బొమ్మలకి అందరూ బజార్లో దొరికే సీడీలు వాడేవారు. రేపల్లె జంటని మంచుకొండల ముందు నిలబెట్టడం నాకు నచ్చేది కాదు. ఆదివారాలు పెనుమూడి వెళ్లి, కృష్ణ ఒడ్డున ఫొటోలు తీసి, మూడేళ్లు కూర్చుని నా డిజైన్లు నేనే తయారు చేసుకున్నాను. వాటిని పట్టుకుని మా అత్తగారి ఊరు రేపల్లెలో సొంత స్టూడియో పెట్టాలని నా ఆశ. ఆ ముక్క మాస్టారికి ఒక్కరికే చెప్పాను. రిబ్బన్ తానే కత్తిరిస్తానన్నారు.

పాత హార్డ్ డిస్కు విప్పి తీసినప్పుడు, అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాం కదా అని, నా డిజైన్లతో సహా అందులోవన్నీ చెరిపేస్తానన్నాను. అన్నం పెట్టిన డిస్కు, అలా ఉండనీ అని ఆయన సొరుగులో దాచారు. ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను.

ఆర్నెల్ల తర్వాత రేపల్లెలో మా అత్తగారి పక్కింటివాళ్లు వాళ్ల అమ్మాయి పెళ్లి ఆల్బమ్ చూపించారు. జంట వెనక నా కృష్ణ ఉంది. సూర్యుడు ఎడమపక్క ఉంటే నీళ్లలో వెలుగు కుడిపక్క పడుతోంది. తొందరలో నేను చేసిన పొరపాటు అది. తప్పుతో సహా నాదే. పేజీలు తిప్పుతుంటే అన్నీ నావే. చివరి అట్ట మీద మాత్రం ఆ ఊళ్లో స్టూడియో ఒకదాని పేరు ఉంది. దాని యజమాని మా మాస్టారి స్నేహితుడు.

మర్నాడు వెళ్లి మాస్టారిని అడిగాను. అబద్ధం ఆడలేదు, అది ఒప్పుకోవాలి.

"డిస్కు అడిగాడురా, ఇచ్చాను. నువ్వు మళ్లీ చేసుకోగలవు. వాడికి చేతకాదు."

"నన్ను ఒక్క మాట అడగాల్సిందండి."

"అడిగితే వద్దంటావుగా."

అంతే, మళ్లీ ఆటలోకి వెళ్లిపోయారు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

రేపల్లెలో నా డిజైన్లు ఎవరికి చూపించినా, ఇవి ఫలానా స్టూడియోవి కదా, కాపీ కొట్టావా అని నన్నే అడిగారు. ఆ ఆశ అక్కడితో సరి. బాపట్లలో చిన్న గది తీసుకుని పాస్‌పోర్టు ఫొటోలతో నెట్టుకొస్తున్నాను. నన్ను పోనివ్వలేకే అలా చేశారని కొందరు సర్దిచెప్పారు. అది ప్రేమే అయితే ఎదురుగా తిట్టి ఆపాల్సింది. కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషే నా వెనక ఈ పని చేశారు. పోయారు కదా అని నా మంట చల్లారలేదు.

తెనాలి వెళ్లేసరికి దండ వెయ్యడానికి ఫొటో లేదని మాస్టారి భార్య వెతుక్కుంటున్నారు. ఊరందరి ఫొటోలూ తీసిన మనిషి తనది తీయించుకోలేదు. "ఆ కంప్యూటర్లో ఏమన్నా ఉందేమో చూడు నాయనా" అన్నారు. ఒకటే ఉంది. కంప్యూటర్ బాగయిన రోజు టైమర్ పెట్టి ఇద్దరం దిగాం. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది.

అక్కడే కూర్చుని, చాచిన ఆయన చెయ్యి కనపడకుండా పక్కన కత్తిరించి, నన్ను చెరిపేశాను. నా భుజం అడ్డొచ్చిన చోట ఆయన చొక్కా గళ్లు ఒక్కొక్కటే అల్లాను. అతుకు ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు. అంత శుభ్రంగా చెయ్యడం ఆయన నేర్పిందే. ఫొటోని కుర్చీలో పెట్టి దండ వేశారు. ఎంత చక్కగా నవ్వుతున్నారో అని వచ్చినవాళ్లందరూ అన్నారు. కుడి భుజం మాత్రం కాస్త పైకి లేచి ఉంది. ఎవరి మీద చెయ్యి వేసి నవ్వుతున్నారో ఫొటోలో కనపడదు.