టీచరమ్మకు రాని గుర్తింపు

టీచరమ్మ పోయారని నాకు చెప్పింది ఒక కేరళ నర్సు. పోయిన గురువారం పొద్దున ఫోన్ చేసింది. నిద్రలోనే ప్రాణం పోయిందనీ, మధ్యాహ్నం మూడింటికి తీసుకెళ్తారనీ కన్నడంలో చెప్పింది. నాకు మలయాళం రాదు, ఆమెకు తెలుగు రాదు. మా ఇద్దరికీ తెలిసిన భాష కన్నడమొక్కటే. ఆమెకు ఆ కన్నడం నేర్పింది టీచరమ్మ. ఆ టీచరమ్మ బడికి గుర్తింపు ఇవ్వదగదని రాసి సంతకం పెట్టింది నేను.

ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆమె గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకుందో లేదో చదివేవాళ్లే చూసుకోవాలి.

తొంభైల చివర్లో నేను బెంగళూరులో భాషా శిక్షణ కేంద్రాలను తనిఖీ చేసే ఒక సంస్థలో ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఇంగ్లీషు, జర్మన్, కన్నడం, ఏ భాష నేర్పే బడి అయినా మా గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. చట్టప్రకారం తప్పనిసరేమీ కాదు. అయితే కంపెనీలూ ఆసుపత్రులూ తమ ఉద్యోగులను ఎక్కడికైనా పంపే ముందు అక్కడి గోడ మీద మా సర్టిఫికెట్ ఉందా అని చూసేవి. నా చేతిలో ఒక ఫారం ఉండేది. అందులోని గడులన్నీ నింపి, మార్కులు కూడి, సంతకం పెట్టి ఇవ్వడమే నా పని.

టీచరమ్మ బడికి మొదటిసారి వెళ్లినప్పుడు అది బడి అని నాకు తోచలేదు. మహదేవపురలో ఒక ఇరుకు సందు, అందులో ఆమె సొంత ఇల్లు, మేడ మీద రేకుల షెడ్డు. పక్కనే ఆరేసిన బట్టలు. లోపల బెంచీల్లేవు, చాపలే. దగ్గర్లోని ఒక ఆసుపత్రి పంపిన నర్సులు పదీ పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్యలో ఒక పెద్దావిడ ముడుచుకుని పడుకుని మూలుగుతోంది.

నేను కంగారుపడి ముందుకు వెళ్లబోతే ఒక నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. పాఠం జరుగుతోందట. మూలుగుతున్నావిడే టీచరమ్మ. ఆ పూట ఆమె పల్లె నుంచి వచ్చిన రోగి. కడుపులో బాధ ఎలాంటిదో నర్సు కన్నడంలో అడిగి రాబట్టాలి. ఎదురుగా కూర్చున్న అమ్మాయి "నోవు?" అని అడిగింది. నొప్పా అని. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉరి?" అంది అమ్మాయి. మంటా అని. అదీ కాదు. మూడో మాట గుర్తుకు రాక ఆ పిల్ల పిడికిలి బిగించి, మెలితిప్పి చూపించింది. టీచరమ్మ చటుక్కున లేచి కూర్చుంది. "సెళెత" అంది. పట్టి లాగినట్టుండే నొప్పికి కన్నడంలో అదీ మాట. పిల్లలంతా ఒక్కసారి నవ్వుతూ ఆ మాట అన్నారు. మెలితిప్పిన పిల్ల మాత్రం నవ్వకుండా, పెదవులు కదుపుతూ మూడు నాలుగు సార్లు తనలో తాను అనుకుంది. ఆమె ఇక దాన్ని మరచిపోదని నాకు తెలిసిపోయింది.

నా ఒళ్లో ఫారం ఉంది. మంటలార్పే సిలిండరు ఉందా? లేదు. ఆడా మగా వేర్వేరు మరుగుదొడ్లు? కింద ఇంట్లో ఉన్నది ఒకటే. లైబ్రరీ? లేదు. రాసి పెట్టిన సిలబస్? లేదు. హాజరు పట్టీ? లేదు. ఎవరైనా రెండు రోజులు రాకపోతే టీచరమ్మే వాళ్ల హాస్టలుకు వెళ్లి ఎందుకు రాలేదని అడిగేదట. దానికి గడి లేదు. టీచరు విద్యార్హత అన్నచోట ఎస్సెస్సెల్సీ అని రాశాను. నేను చూసిన పాఠం రాయడానికి ఫారం మొత్తం మీద జానెడు జాగా లేదు.

పాఠం అయ్యాక ఆమె కిందికి వెళ్లి గ్లాసుతో పైకొచ్చింది. నా కన్నడంలో తెలుగు యాస పట్టి మనవాడే అనుకుంది కాబోలు, ముఖం విప్పారి తెలుగులోనే పలకరించింది.

"కాఫీ తీసుకోండి సార్."

"తీసుకోకూడదమ్మా. రూలు."

"కాఫీ గూడా ఫారంలో ఉండాదా అప్పా?"

ఉంది. తనిఖీకి వెళ్లినచోట ఏమీ పుచ్చుకోకూడదని చివరి పేజీలో ఉంది. చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆ వాక్యం పూర్తిగా చదివి, గ్లాసు నా పక్కన పెట్టి వెళ్లిపోయింది. నేను రాస్తున్నంతసేపూ అది అక్కడే చల్లారింది.

మార్కులు చాలలేదు. గుర్తింపు ఇవ్వలేమని మా ఆఫీసు ఉత్తరం పంపింది. అదే సమయంలో ఆ ఆసుపత్రి తన నాణ్యతకు తాను వేరే చోట సర్టిఫికెట్ తెచ్చుకునే ప్రయత్నంలో ఉంది. సిబ్బందికి ఇచ్చే శిక్షణంతా గుర్తింపు ఉన్నచోటనే జరగాలని వాళ్లకు పైనుంచి నియమం. దాంతో నర్సులను టీచరమ్మ దగ్గర మాన్పించి, కుందలహళ్ళిలో ఒక పెద్ద ఇన్‌స్టిట్యూట్‌కు పంపడం మొదలుపెట్టారు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ను తనిఖీ చేసిందీ నేనే. గాజు తలుపులు, చల్లని గదులు, వరసగా కంప్యూటర్లు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. టీచరు పుస్తకం చూసి చదువుతున్నాడు, పిల్లలు రాసుకుంటున్నారు. మూడు నెలల కన్నడం కోర్సు ముగించిన ఒకతన్ని వరండాలో ఆపి, మీ ఊరేదని కన్నడంలో అడిగాను. ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఫారంలో దానికీ గడి లేదు. గడులున్నవాటికన్నిటికీ పూర్తి మార్కులు వేశాను, ఎందుకంటే అవన్నీ అక్కడ ఉన్నాయి. సంతకం పెడుతుంటే నాకు ఒళ్లు మండింది. పెట్టడం మాత్రం మానలేదు.

ఒకరోజు టీచరమ్మ ఆ ఉత్తరం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. కోపంగా లేదు. అర్థం కాని లెక్క పట్టుకొచ్చిన మనిషిలా ఉంది.

"సార్, దీంట్లో నా దగ్గర లేనివన్నీ రాసినారు. అది సరే. నా పిల్లోల్లు మాట్లాడేది యాడ రాసినారు?"

"అది రాయడానికి చోటు లేదమ్మా."

"భాష నేర్పే బడిని చూసేకి వస్తిరి. భాష వచ్చిందా లేదా అని రాసేకి చోటు లేదా?"

ఆమెను పంపించి మా డైరెక్టరు గదిలోకి వెళ్లాను. ఆయన గుంటూరు మనిషి, నెమ్మదస్తుడు, చెడ్డవాడు కాదు. ఫారంలో ఒక్క గడి కలుపుదామన్నాను. కోర్సు ముగించినవాళ్లను ఓ పది నిమిషాలు మాట్లాడించి చూద్దామన్నాను.

"దానికి మార్కులు ఎలా వేస్తారండీ?" అన్నాడాయన.

"వింటే తెలుస్తుంది కదా సార్."

"మీకు తెలుస్తుంది. రేపు ఇంకో ఇన్‌స్పెక్టరుకు ఇంకోలా తెలుస్తుంది. సిలిండరు ఉందా లేదా అంటే ఎవరు చూసినా ఒకటే జవాబు. మనం చూసేది సంస్థను, మనిషిని కాదు."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఇష్టమొచ్చినవాళ్లకు మార్కులు వేసే ఇన్‌స్పెక్టర్లను నేనూ చూశాను. కానీ ఆ న్యాయం వల్ల నష్టపోయేది ఎప్పుడూ టీచరమ్మలాంటివాళ్లేనని ఆయనకు చెప్పలేకపోయాను. బయటికొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. మరుసటి వారం మళ్లీ అదే ఫారం పట్టుకుని ఇంకో బడికి వెళ్లాను.

నర్సులు మాత్రం ఊరుకోలేదు. కుందలహళ్ళిలో సర్టిఫికెట్ తీసుకుని, ఆదివారం మధ్యాహ్నాలు తమంతట తాము మహదేవపుర మేడ ఎక్కేవారు. సర్టిఫికెట్ అక్కడ, మాట ఇక్కడ. వాళ్ల వెంట ఆసుపత్రి గేటు దగ్గర పనిచేసే గార్డులు వచ్చారు, బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన వచ్చాడు. అప్పుడప్పుడు నేనూ వెళ్లి వెనక కూర్చునేవాణ్ణి. కొత్తగా వచ్చినవాళ్లకు టీచరమ్మ మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. "మీరు భయపడేది భాషకు కాదు, నగుబాటుకు. ఈడ నవ్వేవాళ్లు ఎవరూ లేరు, నోరు తెరవండి." తప్పు మాట్లాడుతుంటే మధ్యలో ఆపేది కాదు. వాక్యం ముగిసేదాకా ఓపికగా ఉండి, అదే మాటను సరిచేసి తను మామూలుగా అనేది. దిద్దినట్టు కూడా తెలిసేది కాదు.

అయినా ఆమె గుర్తింపు ఆశ వదులుకోలేదు. ఆసుపత్రి మళ్లీ పిల్లలను పంపాలని ఆమె కోరిక. ఉత్తరంలో లేవని రాసినవన్నీ ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చింది. సిలిండరు వచ్చింది, బెంచీలు వచ్చాయి, హాజరు పట్టీ వచ్చింది. యాభై దాటాక పోస్టు ద్వారా చదివి, ఇరవై ఏళ్ల పిల్లల పక్కన కూర్చుని పరీక్ష రాసి, భాషా బోధనలో సర్టిఫికెట్ తెచ్చుకుంది. మళ్లీ దరఖాస్తు పెట్టింది. మళ్లీ నన్నే పంపారు.

ఆ రెండో తనిఖీ తలచుకుంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. టీచరమ్మ బోర్డు పక్కన నిలబడి, చేతిలో సిలబస్ కాగితం పట్టుకుని, గడియారం చూసుకుంటూ పాఠం చెప్పింది. క్రియాపదాల పట్టిక చదివించింది. బెంచీల మీద నర్సులు బుద్ధిగా రాసుకున్నారు. గంటసేపట్లో ఒక్కరూ ఒక్క వాక్యం సొంతంగా మాట్లాడలేదు. నేను చూసిన ఆమె పాఠాలన్నిటిలో చప్పగా సాగింది అదే. ఎక్కువ మార్కులు వచ్చిందీ దానికే.

అయినా గట్టెక్కలేదు. ఈలోగా కొత్త నియమం చేరింది. మేడ మీద నడిచే బడికి రెండో మెట్లదారి ఉండాలి. ఆ సందులో రెండో మెట్లదారి కట్టే జాగా ఎవరికీ లేదు. ఈసారి ఉత్తరం పోస్టులో వేయనివ్వకుండా నేనే తీసుకెళ్లి ఇచ్చాను. చదివి మడిచి పెట్టింది.

"ఇంగ చాలప్పా. ఈ ఫారం జతలో పడి నా క్లాసు చెడిపోతా ఉండాది. ఆ పొద్దు నువ్వే చూసినావు కదా."

"చూశానమ్మా."

"మరి అది గూడా రాయకపోతివే."

బెంచీలు ఎవరికో ఇచ్చేసి మళ్లీ చాపలు పరిచింది. ఆ తర్వాత దరఖాస్తు పెట్టలేదు.

కొన్నేళ్లకు ఇంటర్నెట్‌లో భాషలు నేర్పే కోర్సులు వచ్చాయి. ఆసుపత్రి నర్సుల కోసం అలాంటి కన్నడం కోర్సు ఒకటి కొంది. దాన్ని తనిఖీ చేసే పని నాకొచ్చింది. పాత ఫారాన్నే అటూ ఇటూ మార్చి, మరుగుదొడ్లు తీసేసి, సర్వర్లూ పాస్‌వర్డులూ చేర్చి ఇచ్చారు. నాకేమీ పాలుపోక, టీచరమ్మను కుందలహళ్ళిలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్లి ఆ కోర్సు ముందు కూర్చోబెట్టాను. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని శ్రద్ధగా విన్నది. గొంతు బాగుందని, మాట స్పష్టంగా ఉందని మెచ్చుకుంది. డ్యూటీ బస్సులో వింటా రావచ్చు, మంచిదే అంది. తర్వాత కావాలని ఒక తప్పు జవాబు నొక్కింది. తెర మీద ఎర్ర గుర్తు పడింది.

"ఎందుకు తప్పో చెప్తాదా?"

"చెప్పదమ్మా."

"మళ్లా అడగచ్చా?"

"అడగడానికి లేదు. ఇంకో ప్రశ్నకు వెళ్లాలి."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "నాకూ మీరు ఇట్లే కదప్పా చేసింది" అంది. నెపం వేస్తున్నట్టు కాదు, ఇప్పుడే తట్టినట్టు అంది.

ఆ రిపోర్టుకు నేను ఒక పేజీ విడిగా జతచేశాను. విద్యార్థి జవాబు ఎందుకు తప్పో చెప్పే మనిషి లేని కోర్సును బడి అనవచ్చా అని రాశాను. ఇన్నేళ్లలో ఈ ఫారంతో ఎవరిని నిలబెట్టామో, ఎవరిని వెనక్కి పంపామో కూడా రాశాను. కోర్సుకు గుర్తింపు వచ్చింది. తర్వాత ఫైలు తిరగేస్తే నా పేజీ అందులో లేదు. నిర్ణీత నమూనాలో లేని కాగితాలు ఫైలులో ఉంచరని గుమాస్తా చెప్పాడు.

నేను ఉద్యోగం మానలేదు. మానేశానని రాయగలిగితే ఇది చదవడానికి బాగుండేది. నేను చేసింది ఒక్కటే. గుర్తింపున్న బడుల జాబితా చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే, అది మొత్తం చదివాక, ఇందులో లేని బడి ఇంకొకటుందని మహదేవపుర దారి చెప్పేవాణ్ణి. డైరెక్టరుకు తెలిసి రెండుసార్లు చీవాట్లు పెట్టారు. అలా చెప్పడం ఎన్నో ఏళ్ల ముందే మొదలుపెట్టాల్సింది.

గురువారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి సందు నిండిపోయింది. డ్యూటీ మధ్యలో వచ్చిన నర్సులు తెల్ల బట్టల్లోనే ఉన్నారు. గార్డులు టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో ఏడాది చదివినవాళ్లు, ఒకరికొకరు తెలియనివాళ్లు. కేరళ, ఒరిస్సా, తమిళనాడు, మన ఆంధ్ర. అందరికీ కలిసే భాష ఒకటే కాబట్టి కన్నడంలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. గోడకు ఆనుకుని వింటుంటే, ఇన్నేళ్లూ నేను పట్టించుకోని సంగతి ఒకటి చెవిన పడింది. టీచరమ్మ కోలారు జిల్లాలో ముళబాగిలు దగ్గర తెలుగింట్లో పుట్టిన మనిషి. ఆమె కన్నడంలో ఆ వైపు సాగదీత ఉండేది. వాక్యం చివర మాటను కొంచెం పైకెత్తి వదిలేది. అక్కడున్న ప్రతి నోటా అదే సాగదీత.

దండలు అందుకుని వ్యానులో పెడుతున్న నర్సు, బండి కాస్త వెనక్కి జరపమని డ్రైవరుకు చెప్పింది. అతను జరిపి, కిటికీలోంచి తల బయటపెట్టి, మీది కోలారు వైపా అమ్మా అని కన్నడంలో అడిగాడు.

"కాదు, కేరళలో కొట్టాయం" అంది ఆమె, చివరి అక్షరాన్ని పైకెత్తి సాగదీస్తూ.