ఒక్క సూదిమందు, ఇద్దరు మర్యాదస్తులు

ఇరాన్‌లో మా రష్త్ ఊరి బజారులో గుండీలు, జిప్పులు, లేసులు అమ్మే మలీహే కొట్టు తెలియనివాళ్లు లేరు. ఆ కొట్లో కౌంటరు వెనక నిలబడి, "ఈ నీలం కాదమ్మా, ఇంకో నీలం ఉంది, ఉండండి" అంటూ విసుగు లేకుండా డబ్బాలు దించే కుర్రాడు ఆమె అక్క కొడుకు అర్దవాన్. కుర్రాడని నేనంటున్నాను గానీ ముప్పై దాటాయి. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. అతను ఆ మాట ఏనాడూ ఒప్పుకోలేదు. డాక్టర్లు, కోర్టు, ఆపరేషను అన్నీ అయ్యి గుర్తింపు పుస్తకంలో కొత్త పేరు పడ్డాక, బజారంతా మిఠాయి పంచింది పిన్నే. తిన్నవాళ్లలో సగంమంది అటు తిరిగి నవ్వుకున్నారు. నవ్వుకోనీలే, తిన్నారు కదా అంది పిన్ని.

కాగితం మారితే కొట్లన్నీ మారిపోతాయా? చెప్పుల షాపుకి వెళ్లి కూర్చుంటే, ఆ షాపువాడు అర్దవాన్ చిన్న పాదం చూసి, గడ్డం చూసి, మళ్లీ పాదం చూసి, మడమలో లైట్లు వెలిగే స్కూలు బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. మందుల షాపుల సంగతి ఇక అడక్కండి. గొంతు ఇంకా మారని రోజుల్లో ఒకాయన చీటీ చూసి, వీధి చివరిదాకా వినపడేలా, "ఈ మగాళ్ల మందు మీ ఆయనకా అమ్మా?" అని అరిచాడు. అర్దవాన్ తొణక్కుండా, "అవునండీ, బాలింత. లేవలేక నన్ను పంపాడు" అన్నాడు. ఆయన గబగబా మందు పొట్లం కట్టిచ్చాడు.

ఇప్పుడు గొంతు బొంగురుపోయింది, గడ్డం పెరిగింది, ఎవరూ ఏమీ అడగడం లేదు. తీరా చూస్తే మందే లేదు! ఆ చలికాలం ఊళ్లో ఏ షాపులో అడిగినా "వచ్చే వారం" అనేవాళ్లు. ఆపరేషనైన ఒంటికి ఆ మగ హార్మోను సూది పడాల్సిందే. పడకపోయేసరికి అర్దవాన్‌కి ఒళ్లంతా సెగలు మొదలయ్యాయి. అదే సమయానికి పిన్నికి ముట్లుడిగే రోజులు. బయట రష్త్ వాన ఎడతెరిపి లేకుండా కురుస్తుంటే, లోపల పిన్నీ కొడుకూ టేబుల్ ఫ్యాను కోసం కొట్లాట!

"ఫ్యాను ఇటు తిప్పరా, ఉడికిపోతున్నాను!"

"నేను మాత్రం మంచులో కూర్చున్నానా పిన్నీ?"

"నీ వయసేంటి, నా సెగలు నీకెందుకురా?"

నవ్వులాటలాగే ఉండేది గానీ లోలోపల అతనికి భయం పట్టుకుంది. పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. జిప్పు ఇరుక్కున్నా ఏడుపొస్తోంది. ఇంత తిప్పలుపడి సంపాదించుకున్న ఒళ్లు మళ్లీ చేజారిపోతున్నట్టు అనిపిస్తోంది.

అలాంటప్పుడు మందుల షాపు డాక్టరమ్మ మహ్‌నోష్ ఫోన్ చేసింది. ఆవిడ లేసులు కొనేది పిన్ని దగ్గరే. "ఒక్కటంటే ఒక్క సీసా వచ్చింది. దాచిపెట్టడం నా వల్ల కాదు, ఎవరు ముందొస్తే వాళ్లకే. పరిగెత్తు."

పరిగెత్తాడు. మెడలో కొలత టేపు కూడా తియ్యలేదు. రొప్పుతూ షాపులో అడుగుపెడితే, కౌంటరు ముందు చీటీ పట్టుకుని వస్తాదు సాలారీ నిలబడి ఉన్నాడు.

సాలారీ అంటే వాళ్ల వీధికి పెద్దదిక్కు. ఒకప్పుడు కుస్తీలో ఆయన పేరు చెబితే పక్క జిల్లాలవాళ్లు జడుసుకునేవారు. ఇప్పుడు డెబ్బై దాటినా మీసం మాత్రం అలాగే ఉంది. అర్దవాన్‌ని పూర్వం "అమ్మాయ్" అని పిలిచేవాడు. మిఠాయి పంచిన నాటి నుంచి ఎలా పిలవాలో తోచక, ఎదురుపడితే ఒక దగ్గు దగ్గి వెళ్లిపోయేవాడు.

డాక్టరమ్మ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇదేం చోద్యం! ఇద్దరిదీ ఒకటే మందు. ఉన్నది ఒక్కటి. మీలో మీరే తేల్చుకోండి."

వస్తాదు ముఖం కందగడ్డయింది. "నాక్కాదు. మా మేనల్లుడికి."

"నాకూ కాదండీ. మా మేనమామకి" అన్నాడు అర్దవాన్.

అప్పుడు వస్తాదు గుండెల మీద చెయ్యి పెట్టుకుని, కాస్త వంగి, "ముందు మీరు తీసుకోండి, అర్దవాన్ గారూ" అన్నాడు.

గారూ! అంతే, అర్దవాన్‌కి తల తిరిగిపోయింది. మా ఊళ్లో దేన్నైనా ఇచ్చేవాడు ముమ్మారు ఇవ్వాలి, పుచ్చుకునేవాడు ముమ్మారు వద్దనాలి, అసలు సంగతి ఆ తరవాతే. అది మగాళ్ల మధ్య అయితే ఇక కుస్తీయే. ఆ కుస్తీకి వస్తాదంతటివాడు అతన్ని మొదటిసారి బరిలోకి పిలిచాడు. దిగకుండా ఎలా ఉంటాడు?

"అయ్యో, పెద్దవారు, మీరుండగా నేనా!"

"కుర్రాళ్లకే కావాలి బాబూ. మాదేముంది."

"మీ మేనల్లుడు ఎదురుచూస్తుంటాడు."

"మీ మేనమామ మాత్రం?"

వెనకాల చంటిపిల్లని ఎత్తుకున్న ఒకావిడకి ఒళ్లు మండింది. "ఎవరో ఒకళ్లు తీసుకుని తగలడండయ్యా! పిల్లకి జ్వరం ఇక్కడ!"

అర్దవాన్ ఛాతీ విరిచి, "నా మీద ఒట్టు! మీరే తీసుకోవాలి" అనేశాడు. ఒట్టు పెట్టాక కూడా పెద్దమనిషి ఇంకొక్కసారి కాదంటాడు, అప్పుడు తను తలవంచి అందుకోవచ్చు. అతని లెక్క అదీ.

వస్తాదు కాదనలేదు. సీసా తీసి కోటు లోపలి జేబులో వేసుకుని, పైన గుండీ కూడా పెట్టుకున్నాడు.

అర్దవాన్ నవ్వు ముఖంతోనే ఉండిపోయాడు. మర్యాద కోసం నవ్వినవాడు మందు పోయిందని ఆ నవ్వు ఎలా తీసేస్తాడు? అలాగే నవ్వుతూ బయటికి వచ్చాడు. చూరు కింద వాన తగ్గడం కోసం వస్తాదు నిలబడి ఉన్నాడు. అర్దవాన్ ఇక ఆగలేకపోయాడు.

"ఇంకోసారి వద్దనాలి కదండీ! ఇదేం పద్ధతి?"

"ఒట్టు పెట్టావు కదయ్యా!" వస్తాదు గొంతు చూరు దాటి వినిపించింది. "ఆడపిల్ల ఒట్టు పెడితే తల నిమిరి తిరిగిచ్చేవాణ్ణి. మగాడు నలుగురిలో ఒట్టు పెట్టాడు. కాదని నీ పరువు తియ్యమంటావా?"

అర్దవాన్‌కి కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట తీరా వచ్చిన రోజున మందు పోయింది చూడండి, ఏం చెప్పాలి ఆ రాతని!

వస్తాదు కంగారుపడ్డాడు. "ఏడవకయ్యా. ఈ సూది లేకపోతే నాకూ ఇంతే. మొన్న టీవీలో వంకాయ కూర చేస్తుంటే చూసి ఏడ్చాను. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది."

"మరి మేనల్లుడు?"

"ఏ మేనల్లుడు? నా అక్కచెల్లెళ్లకి అందరూ ఆడపిల్లలే." ఆయన చెయ్యి మెల్లిగా జేబు మీదికి పోయింది. "పోనీ, నువ్వే తీసుకో."

"వద్దండీ" అన్నాడు అర్దవాన్. ఈసారి నిజంగానే వద్దన్నాడు. సీసా వెనక్కి తీసుకుంటే 'మగాడు' అన్న ఆ మాట కూడా వెనక్కి ఇచ్చేసినట్టవుతుందని అతనికి అనిపించింది.

వస్తాదు కాసేపు మీసం నమిలాడు. "పక్క ఊరు లాహీజాన్‌లో నా శిష్యుడికి మందుల షాపుంది. ఎక్కు కారు."

వస్తాదు పాత పేకాన్ కారు దగ్గుతూ, తుమ్ముతూ లాహీజాన్ చేరింది. శిష్యుడు భారీ మనిషి, షాపు నిండా జనం. గురువుని చూడగానే కౌంటరు దాటి వచ్చి భుజం మీద ముద్దు పెట్టుకున్నాడు.

"వస్తాదు గారూ! ఏం కావాలో సెలవివ్వండి!"

ఆడవాళ్లు ఇంతమంది వింటుంటే వస్తాదుకి ఆ మందు పేరెత్తడానికి సిగ్గేసింది. "ఏం లేదురా, ఊరికే ఇటు వచ్చాం. ముందు వీళ్ల సంగతి చూడు."

"మీ తరవాతే ఎవరైనా! టీ తెప్పిస్తాను, కూర్చోండి."

"నీకెందుకురా శ్రమ."

"శ్రమేముందండీ, మీ రాకే మాకు పండగ."

మళ్లీ మొదలైంది! ఇది టీతో ఆగదు, తీపి బిస్కెట్లు వస్తాయి, భోజనం దాకా పోతుంది, ఈలోగా ఎవడో వచ్చి ఉన్న సీసా కాస్తా పట్టుకుపోతాడు. అర్దవాన్ కౌంటరు మీద అరచెయ్యి చరిచాడు.

"టెస్టోస్టెరాన్ సూదిమందు కావాలి. ఒక్కటున్నా చాలు. మేనమామకి కాదు, నాకు. నాకే!"

షాపంతా గిర్రున తిరిగి చూసింది. శిష్యుడు అయోమయంగా గురువు వంక చూశాడు.

"నన్ను చూస్తావేంరా?" అని కసిరాడు వస్తాదు. "టీ సంగతి తరవాత. ముందు ఆయనకి మందివ్వు."